వీధికుక్కల శస్త్రచికిత్స: ఖర్చు ఎవరిది?

మన యాడికి వంటి కరవుసీమలో కుక్కకాటుకు గురియైన కూలివానికి కలుగు నష్టము గాయముతో ముగియదు. టీకాల కొరకు నెలలోపల నాలుగు పర్యాయములు ఆసుపత్రికి పోవలెను. ఆ దినముల కూలి పోవును. రేబిస్ లక్షణములు పొడసూపినచో ప్రాణము దక్కుట దాదాపు అసాధ్యము.

కుక్కలను చంపినంత మాత్రమున బెడద తీరదు. ఆడకుక్క ఏటా రెండు పర్యాయములు ఈనగలదు; వీధిలో ఎంగిలి ఆహారము ఉన్నంతకాలము మిగిలినవాని సంతతి ఆ చోటును నింపును. అందుచేతనే మద్రాసులోని బ్లూక్రాస్ సంస్థ 1964లోనే సంతాన నిరోధక శస్త్రచికిత్సను సూచించినది. కేంద్రప్రభుత్వము 2001లో ఇందుకు నియమములు చేసి, 2023లో వాని స్థానమున క్రొత్త నియమములు తెచ్చి, బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచినది. శస్త్రచికిత్సతోపాటే రేబిస్ టీకాయు వేయుదురు. నూటికి డెబ్బది కుక్కలకు టీకా పడినచో వ్యాధి వ్యాప్తి ఆగునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

చిక్కంతయు ధనముతోనే. వైద్యునికి, మందులకు, కుక్కలను పట్టుటకు, గాయము మానువరకు పోషించుటకు ఖర్చగును. ఒక్క పంచాయతీ మోయలేని ఈ భారమును ఇరుగుపొరుగు గ్రామములు పంచుకొని, గుర్తింపు పొందిన ఒకే కేంద్రమును నడిపినచో తలసరి వ్యయము తగ్గును.

విద్యార్థి మిత్రులారా! ఎంగిలిని వీధిపాలు చేయకుండుట మన వంతు. పంచాయతీ బడ్జెటులో ఇందులకొక పద్దు కోరుచు వినతిపత్రము సమర్పించవలసినదిగా కళాశాల కమిటీవారిని ప్రార్థించుచున్నాము. కాటు పడిన పిమ్మట పెట్టు ఖర్చుకన్న ముందుగా పెట్టు ఖర్చే మేలని మా విశ్వాసము.