గడియారపు స్పందనలు – రేడియోలో గురగుర

రేడియో పెట్టె ప్రక్కన కంప్యూటరును నడిపినప్పుడు కొన్ని స్టేషన్ల వద్ద గురగుర ధ్వని వినబడటం పలువురికి అనుభవమే. కంప్యూటరులో ప్రసార యంత్రమేదీ లేదు గదా, మరి ఈ అల్లరి ఎక్కడిది? దీనికి కారణాలు అనేకం. వాటిలో ముఖ్యమైన ఒకదానిని, దానికి ఇంజనీర్లు కనుగొన్న ఉపాయాన్ని ఇచ్చట వివరింపదలచాము.

ప్రతి డిజిటల్ యంత్రంలోను క్లాకు అనే భాగం కలదు. 100 మెగాహెర్ట్జ్ క్లాకు సెకనుకు పది కోట్ల పర్యాయాలు స్పందిస్తుంది. ఆ స్పందన నునుపైన అల కాదు, నిట్టనిలువు గోడలు గల చతురస్ర తరంగం. అట్టి తరంగంలో మూల పౌనఃపున్యంతో బాటు 300, 500 వంటి దాని గుణిజాలు కూడ ఇమిడి ఉంటాయి. పలకపై నున్న రాగి గీతలే ఏరియల్‌గా మారి వీటిని గాలిలోకి వెదజల్లుతాయి.

అమెరికాలో ఎఫ్.సి.సి. సంస్థ 1979లో కంప్యూటర్లకు ఈ విషయమై పరిమితులు విధించింది. కొలిచే విధానం గమనింపదగినది. 30 నుండి 1000 మెగాహెర్ట్జ్ వరకు, 120 కిలోహెర్ట్జ్ వెడల్పు గల ఒక కిటికీ గుండా శక్తిని కొలుస్తారు. స్థిరమైన క్లాకు శక్తి సన్నని గీతలుగా నిలుస్తుంది గనుక ఒక్కొక్క గీత మొత్తంగా ఆ కిటికీలో పడుతుంది.

1994లో లెక్స్‌మార్క్ సంస్థకు చెందిన హార్డిన్, ఫెస్లర్, బుష్ అను ఇంజనీర్లు ఒక ఉపాయాన్ని ప్రకటించారు. క్లాకును ఒకే పౌనఃపున్యం వద్ద నిలుపక, బుద్ధిపూర్వకంగా కొద్దిగా ఊగించడమే ఆ ఉపాయం. 100 మెగాహెర్ట్జ్ క్లాకు 99.5 వరకు దిగి మరల 100కు ఎక్కుతుంది. 100ను మాత్రం దాటదు. దాటినచో ప్రాసెసరుకు తన పని ముగించే వ్యవధి చాలదు. పదవ గుణిజం వద్ద ఈ విస్తరణ 5 మెగాహెర్ట్జ్ అవుతుంది. కుప్పగా పోసిన ధాన్యాన్ని కళ్లంలో పరచినట్లే ఇది: ఎత్తు తగ్గింది, గింజ మాత్రం ఒక్కటీ తగ్గలేదు.

ఊగించే తీరులోనే అసలు నేర్పు ఉన్నది. ఉయ్యాల రెండు కొసల వద్ద క్షణకాలం ఆగినట్లు, సైన్ తరంగంతో ఊగించిన క్లాకు అంచుల వద్ద ఎక్కువసేపు నిలుస్తుంది. శక్తి మరల అక్కడనే పోగుపడుతుంది. త్రిభుజ తరంగం అన్నిచోట్లా సమవేగంతో సాగుతుంది గనుక అంతకంటె మేలు. కొసల వద్ద మరింత త్వరపడే మూడవ రూపం ఇంకను మేలు. హెర్షీ కిస్ అనే చాకొలెట్టు ఆకృతిని బట్టి దానికి ఆ పేరే వచ్చింది. ఊగే వేగం సాధారణంగా సెకనుకు 30 నుండి 33 వేల పర్యాయాలు. ఇరవై వేలకు లోబడితే చెవికి వినవచ్చును. మరీ హెచ్చితే, ఆ క్లాకును అనుసరించవలసిన ఇతర వలయాలు వెంబడించలేవు.

ఇది కొలత పరికరాన్ని మోసగించడమేనని కొందరు ఆక్షేపిస్తారు. ఆ మాటలో సగమే నిజమని మా అభిప్రాయం. ఇరుకైన బాండులో వినే రేడియోకు ఉపశమనం నిజముగానే లభిస్తుంది. ఏడెనిమిది మెగాహెర్ట్జ్ వెడల్పు గల టెలివిజన్ ఛానలుకు మాత్రం పరచిన గింజలన్నీ దాని వాకిట్లోనే పడవచ్చును. కాబట్టి భూతలాన్ని, కవచాన్ని, తీగల దారులను ముందు చక్కదిద్ది, ఆ తరువాతనే దీనిని ఆశ్రయించడం ఉచితం.

అన్నిచోట్లా దీనిని వాడరాదు కూడ. కంప్యూటరు లోపలి పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గం 0.5 శాతం విస్తరణను అనుమతిస్తుంది. ఈథర్నెట్ తీగకు పంపే క్లాకులో లక్షకు పది పాళ్లకు మించిన తేడా పనికిరాదు, 0.5 శాతమంటే లక్షకు ఐదువందలు! ఇక త్రిభుజ రీతిలో ఊగే క్లాకు సగటున 0.25 శాతం నెమ్మదిస్తుంది. దానితో కాలాన్ని లెక్కించినచో దినమునకు 216 సెకన్లు, అనగా మూడున్నర నిమిషాలకు పైగా వెనుకబడుతుంది. అందుచేతనే కాలగణనకై అదే పలకపై 32,768 హెర్ట్జ్ స్ఫటికాన్ని వేరుగా అమర్చి, దానిని ఊగింపక విడిచిపెడతారు.