చిత్రకథా వీరులు – సమాజ ప్రతిబింబం

సాహిత్యం సమాజానికి దర్పణమని పెద్దల మాట. ఇది కావ్యాలకు, నవలలకు మాత్రమే పరిమితం కాదు. బాలల వినోదం కోసం పుట్టిన సూపర్‌హీరో చిత్రకథలలో సైతం ఆయా కాలాల భయాలు, ఆశలు, అన్యాయాలు గోచరిస్తాయి. ప్రతినాయకుని గొప్పతనాన్ని వర్ణించి, అతనిని జయించిన నాయకుని ఔన్నత్యాన్ని చాటవచ్చునని దండి 'కావ్యాదర్శం'లో చెప్పాడు. ఈ చిత్రకథల పరిశీలనకు కూడా ప్రతినాయకుడే మంచి ఆధారం. వీరుడు ఎవరితో పోరాడుతున్నాడో గమనిస్తే ఆనాటి సమాజం దేనికి కలత చెందిందో తెలుస్తుంది.

ఈ కథలకు జన్మస్థానం అమెరికా. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం అక్కడ లక్షలాది ప్రజల ఉపాధిని హరించింది. ఆ కష్టకాలంలోనే, 1938లో, జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు 'సూపర్‌మాన్' పాత్రను పాఠకులకు పరిచయం చేశారు. వారిద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాలలో పుట్టినవారు. తొలి కథలలో సూపర్‌మాన్ ఎదిరించినది భార్యను హింసించే భర్తను, అవినీతిపరులను. ఒక కథలో అతడు కార్మికుల భద్రతను పట్టించుకోని గని యజమాని, అతని విందుకు వచ్చిన అతిథులు గనిలోనే చిక్కుకునేటట్లు చేస్తాడు. అక్కడి అపాయాన్ని స్వయంగా అనుభవించిన తరువాతనే యజమానికి కనువిప్పు కలుగుతుంది.

తరువాత యుద్ధం వచ్చింది. జో సైమన్, జాక్ కిర్బీ సృష్టించిన 'కెప్టెన్ అమెరికా' తొలి సంచిక ముఖచిత్రంలో వీరుడు హిట్లర్‌ను పిడికిలితో మోదుతాడు. 1941 మార్చి సంచికగా అది వెలువడేనాటికి అమెరికా ఇంకా యుద్ధంలో ప్రవేశించలేదు. అయితే అద్దంలో మచ్చలూ కనిపిస్తాయి. ఆనాటి చిత్రకథలలో జపానీయులను వికృతరూపులుగా చిత్రించారు. సమాజంలోని ధర్మాగ్రహంతోపాటు జాతిద్వేషం కూడా పుటలకెక్కింది.

ఈ పుస్తకాలు బాలలను నేరాలవైపు నడిపిస్తున్నాయని మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థామ్ 1954లో ఒక గ్రంథం రాశాడు. సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ప్రచురణకర్తలు ఆ ఏడాదే తమకు తామే ఒక నియమావళిని విధించుకున్నారు. పోలీసులు, న్యాయమూర్తులు, ప్రభుత్వాధికారుల పట్ల అగౌరవం కలిగించే చిత్రణ కూడదన్నది అందులో ఒక నియమం. దానితో అధికారాన్ని ప్రశ్నించే వీరుడు మూగబోయాడు.

పౌరహక్కుల ఉద్యమం ఆ మౌనాన్ని కదిలించింది. 1966లో 'బ్లాక్ పాంథర్' అనే ఆఫ్రికా వీరుడు 'ఫెంటాస్టిక్ ఫోర్' కథలో అవతరించాడు. డెన్నిస్ ఓనీల్ రచన, నీల్ ఆడమ్స్ చిత్రాలతో 1970లో వెలువడిన 'గ్రీన్ లాంటర్న్' కథ మరింత ముందుకు వెళ్ళింది. అందులో నాయకుడు ఒక ఇంటి యజమానిని యువకుని దాడినుండి కాపాడి, న్యాయం చేశానని భావిస్తాడు. నిజానికి ఆ యజమాని పేదలను పీడించేవాడు. అప్పుడు ఒక నల్లజాతి వృద్ధుడు, వేరే గ్రహాలలోని రకరకాల రంగుల ప్రాణులను ఆదుకున్న నీవు మా నల్లవారి బాధను ఎందుకు పట్టించుకోలేదని నిలదీస్తాడు. వీరుడు బదులు చెప్పలేక తలవంచుతాడు.

మరుసటి ఏడాది, 1971లో, మాదకద్రవ్యాల దుష్ఫలితాలను చూపే 'స్పైడర్‌మాన్' కథలకు నియమావళి సంస్థ ఆమోదం నిరాకరించింది. అయినా ప్రచురణకర్తలు ఆ ముద్ర లేకుండానే వాటిని వెలువరించారు. ఆ ఏడాదే నియమాలు సడలాయి. 2011 నాటికి ఆ నియమావళి పూర్తిగా కనుమరుగైంది.

కొండలను పెకలించే బలం కన్నా, ఆ వృద్ధుని ప్రశ్న ముందు వంచిన తల ఆ కథకు ఎక్కువ గౌరవం తెచ్చింది. బలం ఎంత ఉన్నా, ఎవరి బాధ కంటపడలేదో వారికి న్యాయం అందదని అది తెలియజేసింది. కాబట్టి ఏ వీరగాథను చదివినా, అందులో ఎవరు ఓడిపోయారన్నదే కాక, ఎవరి కష్టం కథలో చోటు చేసుకోలేదన్నది కూడా విద్యార్థులు పరిశీలించాలి.