పట్టాలు వేసినవారి అస్థికలు

అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరపు తూర్పు భాగంలో, బాయిల్ హైట్స్ అనే పేటలో ఉన్న ఎవర్‌గ్రీన్ శ్మశానవాటిక 1877లో ఏర్పడింది. దానికి అనుమతి ఇచ్చేటప్పుడు, దిక్కులేనివారి శవాలను పూడ్చడానికి కొంత నేలను నగరానికి విడిచిపెట్టాలని పాలకులు షరతు పెట్టగా, అలా వచ్చిన అనాథ శ్మశానంలోనే చైనా నుంచి వలస వచ్చినవారికీ చోటు చూపించారు. నిరుపేదలకు ఉచితంగా జరిగే ఆ ఖననానికి చైనీయుల దగ్గర మాత్రం ఒక్కొక్క శవానికి 10 డాలర్ల రుసుము తీసుకునేవారు. చావులో కూడా పాటించిన ఈ వివక్షను గుర్తుంచుకుంటేనే, నూరేళ్లు దాటిన తరువాత అదే నేల మీద స్మారకం నిలపవలసి రావడంలోని బాధ అర్థమవుతుంది.

ఆ వలసవారిలో అత్యధికులు దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు పల్లెలవారు. కరువులు, అంతర్యుద్ధాలు తరిమితే బంగారు గనుల ఆశతో సముద్రం దాటి, ఆ తరువాత రైలు మార్గాల పనిలో కుదిరినవారు. సాన్ ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజిలిస్‌కు రైలు రావడానికి సాన్ ఫెర్నాండో కొండల కింద దాదాపు 7 వేల అడుగుల సొరంగం తొలచినవారిలో ఎక్కువమంది వీరే; 1876లో ఆ మార్గం పూర్తయ్యాకనే చిన్న పట్టణంగా ఉన్న లాస్ ఏంజిలిస్ మహానగరంగా ఎదగడం మొదలుపెట్టింది. అయితే అంతకు ఐదేళ్ల ముందే, 1871 అక్టోబరు 24 రాత్రి, అదే పట్టణంలో అల్లరిమూక చైనీయుల వీధి మీద పడి 18 మందిని చంపింది. 1875 నాటి పేజ్ చట్టం చైనా స్త్రీల రాకను దాదాపు ఆపివేసింది. 1882 నాటి బహిష్కరణ చట్టం కూలీల ప్రవేశాన్ని నిషేధించి 1943 వరకు అమలులో ఉంది. భార్యను తెచ్చుకునే వీలులేక, బిడ్డలు కలగక, ఒంటరిగా ముసలివారై మరణించిన ఈ మనుషులకు సమాధి దగ్గర దీపం పెట్టే వారసులు ఆ దేశంలో లేకుండా పోవడానికి మూలం ఈ చట్టాలే.

ఆ లోటును తీర్చే బాధ్యతను స్వస్థలాన్ని బట్టి ఏర్పడిన చైనీయుల సంఘాలు తలకెత్తుకున్నాయి. చనిపోయిన మనిషిని మొదట పరాయి నేలలో తాత్కాలికంగా పూడ్చి, కొన్నేళ్లు గడిచాక సమాధిని తవ్వి, ఎముకలను ఒక్కొక్కటిగా ఏరి, శుభ్రం చేసి, పెట్టెలో భద్రపరచి, ఓడలో హాంగ్‌కాంగ్‌కు పంపేవారు. అక్కడ 1870లో స్థాపితమైన తుంగ్ వా అనే ధర్మాసుపత్రి వాటిని అందుకొని స్వగ్రామాలకు చేర్చేది. కాశీలోనో గోదావరిలోనో అస్థికలు కలపడానికి ఎంత దూరమైనా వెళ్లే తెలుగువారికి ఈ ఆరాటాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. తేడా ఏమిటంటే, చైనీయులకు గమ్యం పుణ్యనది కాదు, తాతముత్తాతల పక్కనున్న సొంత ఊరి మట్టి. తవ్వే రోజున ఎవరి ఎముకలు ఎవరివో తెలియడానికి, పేరు, ఊరు రాసిన ఇటుకను శవంతోపాటు పాతిపెట్టే అలవాటు ఉండేది. కొయ్య గుర్తులు చెదపట్టి పోయినా ఇటుక మిగులుతుందన్న ఈ ముందుచూపు, చదువురాని కూలీల పట్ల సాటి కూలీలు చూపిన గౌరవం.

ఎవర్‌గ్రీన్‌లో చైనీయులు 1888లో ఒక ఆరాధనా స్థలాన్ని కూడా కట్టుకున్నారు. నడుమ నైవేద్యాల కోసం రాతి వేదిక, దానికి ఇరువైపులా దాదాపు 12 అడుగుల ఎత్తున ఇటుక కొలుములు ఉండే ఆ కట్టడంలో, పరలోకంలోని వారికి చేరాలని కాగితపు డబ్బును, కాగితపు వస్త్రాలను కాల్చేవారు. ఏటా ఏప్రిల్ మొదట్లో వచ్చే చింగ్‌మింగ్, అంటే సమాధులను ఊడ్చి శుభ్రం చేసి పెద్దలకు అన్నపానీయాలు సమర్పించే పండుగ, అక్కడ జరిగేది.

అందరి ఎముకలూ ఇల్లు చేరలేదు. స్త్రీలవి, పసిపిల్లలవి సాధారణంగా పంపేవారు కారు. 1937లో జపాను చైనా మీద యుద్ధానికి దిగడంతో ఓడల దారి కూడా మూసుకుపోయింది. 1964లో అనాథ శ్మశానపు నేలను శ్మశానవాటిక యాజమాన్యం తిరిగి కొని, కొత్త ఖననాల కోసం దాని మీద 8 అడుగుల మేర మట్టి పోయించింది. కిందనున్నవారి ఉనికి చాలామందికి తెలియకుండా పోయింది. అయినా దక్షిణ కాలిఫోర్నియా చైనీయ చరిత్ర సంఘం పట్టు వదలలేదు; 1990లో నగరం ఆ ఆరాధనా స్థలాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించగా, 1992లో సంఘం దానిని కొని బాగుచేయించింది.

2005లో శ్మశానం అంచున కొత్త నగర రైలు మార్గం కోసం తవ్వుతుండగా వంద మందికి పైగా మనుషుల అవశేషాలు బయటపడ్డాయి. పచ్చరాతి గాజులు, అన్నం గిన్నెలు, చైనా నాణేలు కూడా దొరకడంతో వారిలో పెద్ద భాగం చైనీయులేనని తేలింది. రైలు మార్గాలు వేసి ఆ నగరంలోనే కన్నుమూసిన తరానికి చెందినవారి సమాధులను మళ్లీ రైలు పనే కదిలించింది. రైలు సంస్థతో చైనీయ సంఘాలు ఏళ్ల తరబడి మాట్లాడి, గౌరవప్రదమైన పునఃఖననం కావాలని కోరి, సాధించాయి. 2010లో ఆ అస్థికలను ఎవర్‌గ్రీన్‌లోనే సంప్రదాయ విధులతో తిరిగి పూడ్చి, స్మారక కుడ్యం నిలిపారు. పెద్దలు వారిని తాత్కాలికంగా దాచిన నేలే చివరికి వారి శాశ్వత నివాసమైంది, ఈసారి పూడ్చడానికి ఎవరూ రుసుము అడగలేదు.