విమానాశ్రయంలో అసలు క్లయిమాక్స్!

మన సినిమాల్లో విమానాశ్రయం క్లయిమాక్స్ ఎంత సులువో చూశారుగా! హీరోయిన్ విమానం మెట్లెక్కబోతుంటుంది. హీరో మోటార్ సైకిల్ అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చేస్తాడు. హాల్లో ఈలలు, చప్పట్లు! నిజంగా అయితే టికెట్టు లేని హీరోగారిని మొదటి గేటు దగ్గరే ఆపేస్తారు. లోపలికెళ్లినా ముందు బోర్డింగ్ పాస్, ఆ తర్వాత ఇమిగ్రేషన్ క్యూ. ఈ క్యూని మన కెమెరాలు పెద్దగా పట్టించుకోవు. అసలు క్లయిమాక్స్ అక్కడే ఉందని ఈమధ్య శంషాబాద్‌లో నాకు తెలిసొచ్చింది.

ఓ పాట చిత్రీకరణ చూసి రాద్దామని దుబాయ్ బయల్దేరాను. క్యూలో నా ముందు ఇరవై దాటిన కుర్రాడు. జగిత్యాల దగ్గర పల్లెట.

"అన్నా, విజిట్ వీసా మీద పోతున్న. ఆడ పని ఇప్పిస్తరట. సారు అడిగితే సుట్టాలను సూడ పోతున్ననని చెప్పుమన్నడు ఏజెంటు. గట్లనే చెప్పాల్నా?"

పాస్‌పోర్టు తిప్పి చూశాను. ఇ.సి.ఆర్. అన్న ముద్ర ఉంది. సాధారణంగా పదో తరగతి పాసుకాని వాళ్లకు పడే ముద్ర అది. 1983 నాటి చట్టం ప్రకారం ఈ పాస్‌పోర్టుతో గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. యజమాని ఎవరు, జీతమెంత అన్నది అక్కడ కాగితం మీద చూస్తారు. 10 లక్షల రూపాయల బీమా కూడా ఉంటుంది. ఊరికే చూసి రావడానికైతే వీసా, తిరుగు టికెట్టు చాలు. ఏజెంట్లు మనుషుల్ని దాటించేది ఈ సందులోంచే! తీరా అక్కడ విజిట్ వీసా మీద పనిచేస్తే నేరం. జీతం ఎగ్గొట్టినా నోరెత్తడానికి ఉండదు.

"అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టినం అన్నా" అన్నాడు మెల్లగా.

నా గొంతు ఎండిపోయింది. అయినా, "నిజమే చెప్పు తమ్మీ" అన్నాను.

కౌంటర్లో ఆఫీసరు నెమ్మదిగానే అడిగాడు, "ఎందుకు వెళ్తున్నావు?" అని. కుర్రాడు ఒక్కసారి నావైపు చూసి, "పనికి సార్" అన్నాడు. అంతే! పక్కన నిలబెట్టారు. నా పాస్‌పోర్టు మీద ఠప్పున ముద్ర పడింది. అతనిది ముద్ర లేకుండానే వెనక్కి వచ్చింది. వెళ్లేముందు నా ఫోన్ నంబరు రాసిచ్చాను.

2007లో వచ్చిన 'దుబాయ్ శీను'లో ఏజెంటు మోసం చూసి హాలంతా పగలబడి నవ్వాం. ఆ రోజు విమానంలో నాకు నవ్వూ రాలేదు, నిద్రా రాలేదు.

నెల తర్వాత ఫోన్. "అన్నా, ఏజెంటు సగం పైసలే వాపస్ ఇచ్చిండు. గని ఈసారి అనుమతి కాయితంతోనే పోత."

సినిమాలో విమానాశ్రయానికొచ్చి ఆపినవాడు హీరో. ఇక్కడ ఆపిన ఆఫీసరుకి ఒక్క చప్పట్టూ పడలేదు. ఆ సగం పైసల సంగతి తలుచుకుంటే నాకూ కొట్టబుద్ధి కాలేదు. అందుకే, మీ ఊళ్లో ఎవరైనా గల్ఫ్ బయల్దేరుతుంటే ఈ మాట ఇంటి దగ్గరే చెప్పండి. కౌంటర్ దాకా వచ్చాక చెప్తే ఖరీదు ఎక్కువ!