జత్రుకకు బిగించిన ప్లేటు

మెడక్రింద తడవి చూచుకొన్నచో రొమ్ముటెముకనుండి భుజమువరకు అడ్డముగా పోవు ఎముక యొకటి చేతికి తగులును. ఇదియే జత్రుక. దానిపైన పలుచని చర్మము, క్రింద చేతికి పోవు పెద్ద రక్తనాళములు, నాడులు ఉన్నవి. శస్త్రచికిత్స తరువాత వచ్చు చిక్కులన్నియు దాదాపు ఈ అమరికనుండియే పుట్టుచున్నవి.

పూర్వము ఇది విరిగిన, కట్టుకట్టి ఊరకుండెడివారు. 1960లో అమెరికా వైద్యుడు నీర్ ప్రకటించిన లెక్కలలో, అట్లు చికిత్స పొందిన రెండువేలకు పైబడిన రోగులలో ముగ్గురికి మాత్రమే ఎముక అతుకలేదు. కాని తునకలు బాగుగా తొలగిన పెద్దవారి విషయము వేరు. 2007లో వెలువడిన కెనడా పరిశోధనలో, జోలెకట్టుతో నున్న 49 మందిలో ఏడుగురికి, ప్లేటు బిగించిన 62 మందిలో ఇద్దరికి మాత్రమే అతుకలేదు. అయితే ప్లేటు వేయించుకొన్నవారిలో ముగ్గురికి గాయము చీముపట్టెను. ఐదుగురికి ప్లేటు చర్మము నొత్తి బాధించెను.

చీముపట్టినచో ప్లేటును వెంటనే తీసివేయవలెనని ఎవరికైనను తోచును. ఇది తొందరపాటు. తునకలు కదలుచుండిన చీము అణగదు, ఎముకయు అతుకదు. కావున మరలు గట్టిగా నున్నంతవరకు శస్త్రవైద్యుడు గాయమును విప్పి, కడిగి, చచ్చిన కండను తొలగించి, ప్లేటును అతుకువరకు ఉంచుటకే ప్రయత్నించును. లోపలి కండముక్కలను ప్రయోగశాలకు పంపి, తగిన యాంటీబయాటిక్ ఔషధము నెన్నుకొనును. భుజము చర్మముపై నివసించు ఒక సూక్ష్మజీవి మిక్కిలి మెల్లగా పెరుగును. అందుచే పరీక్షను రెండువారములవరకు సాగింపవలసియుండును. రెండుమూడు దినములకే ‘ఏమియు లేదు’ అని తేల్చిన మోసపోవుట కలదు. మరలు వదులైనచో మాత్రము ప్లేటును తీసి, మరల స్థిరపరుపవలెను.

నెలలు గడచినను ఎముక అతుకనిచో, దాగియున్న చీమునే మొదట అనుమానింతురు. అది లేదని తేలిన పిదప తుంటినుండి ఎముకగుజ్జు తెచ్చి చేర్చి, క్రొత్త ప్లేటు బిగింతురు. పొగత్రాగుట మానని రోగికి ఈ శ్రమ వ్యర్థమగుటయు కలదు.

గాటుక్రింద చర్మము మొద్దుబారుట సామాన్యము. సన్నని నాడులు తెగుటయే కారణము; ఆ మేర కాలక్రమమున కొంత తగ్గును. ఈ మాట ముందే చెప్పినచో రోగి బెదరడు. చేయి వాచినను, చల్లబడినను, నాడి తగ్గినను ఆలస్యము కూడదు. పొడవైన మర యొకటి రక్తనాళమును ఒరయుచుండవచ్చును.

పుస్తకాలసంచి పట్టీ ఒత్తి బాధపడు విద్యార్థికి ప్లేటు తీయవచ్చును. కాని ఎముక అతికినట్లు ఎక్స్‌రేలో స్పష్టపడిన పిదపనే, సాధారణముగా ఏడాది తరువాత. తీసినపుడు మరల రంధ్రములు మిగులును. అవి పూడువరకు, అనగా కొన్ని నెలలు, ఆ విద్యార్థి కబడ్డీ ఆడరాదు.