కాచినంత మాత్రాన సీసము పోదు

"నీటిని కాచి త్రాగుచున్నాము గదా, ఇంక భయమేమి?" అని మా పెనుగొండ గృహిణులు నన్ను తరచుగా అడుగుదురు. క్రిముల విషయములో వారి ధైర్యము సరియైనదే. కలరా, టైఫాయిడ్ వంటి వ్యాధుల భయము కాచిన నీటితో చాలవరకు తొలగును. లోహముల సంగతి వేరు.

2020 డిసెంబరులో, అప్పటికి మా జిల్లా కేంద్రమైన ఏలూరులో, కొద్ది రోజులలోనే వందలమంది మూర్ఛ, వాంతులు, కండ్లు తిరుగుటతో ఆసుపత్రి పాలైరి. రోగుల రక్తములో సీసము, నికెల్ ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో తేలినది. పురుగుమందుల అవశేషములే ముఖ్య కారణము కావచ్చునని నిపుణులు పిమ్మట అభిప్రాయపడిరి. ఏది ఎంత కారణమైనను, నీటిని గూర్చి మనము మరల ఆలోచింపవలసి వచ్చినది.

సీసము పొయ్యి సెగకు ఆవిరి కాదు. ఆవిరియై పోవునది నీరు మాత్రమే. రెండు లీటర్లను ఒక లీటరుగా మరిగించినచో, లీటరునకు లోహము రెండింతలగును. నాలుగవ వంతు మిగులునట్లు కాచిన జలమును గురుకులములో మేము నేర్చినాము, కఫ రోగులకు నేనిప్పటికీ ఇచ్చుచున్నాను. కాని మూలజలము మంచిదని తెలిసిన పిమ్మటనే. లేనిచో అది నాలుగింతల విషమగును. శాస్త్రమును తప్పుపట్టుట లేదు, సుశ్రుతుని కాలపు నదులలో కార్ఖానాల మురుగు లేదు.

గోదావరి ఎర్రనీరు వచ్చు దినములలో మన పెద్దలు చిల్లగింజను అరగదీసి బిందెలో కలిపెడివారు. మట్టి అడుగంటి నీరు తేరును. సుశ్రుతుడు చెప్పిన ఉపాయమే ఇది. అయితే కరిగిన సీసమునకు రంగు, రుచి, వాసన లేవు. తేట నీటిలోనూ అది యుండవచ్చును. రాగి బిందె క్రిములను తగ్గించును గాని సీసమును తీసివేయదు.

త్రాగు నీటిలో సీసము లీటరునకు 0.01 మిల్లీగ్రామునకు మించరాదని భారతీయ ప్రమాణము. పసిపిల్లల ప్రేగులు పెద్దలకన్న నాలుగైదు రెట్లు అధికముగా సీసమును గ్రహించును. వారికి చదువు మందగించుట, రక్తహీనత కలుగును. పెద్దలలో అది ఎముకలలో దాగి, గర్భధారణ సమయమున రక్తములోనికి వచ్చి శిశువును చేరును. కడుపునొప్పి, మలబద్ధకము, నీరసము అనేక రోగములలో నుండును. నాడి పట్టి ఇది సీసమని నేను చెప్పజాలను. రక్తపరీక్షయే చెప్పవలెను.

ఇనుము, సున్నము కొరవడిన శరీరము సీసమును ఎక్కువగా పీల్చును. కావున పిల్లలకు పాలు, పెరుగు, మునగాకు, తోటకూర, నువ్వులు విరివిగా పెట్టుడు. ఇవి విరుగుడు కావు, రక్షణకు తోడు మాత్రమే. లోహమును లోహమే హరించునని ఎవరో ఇచ్చిన భస్మములను ఎన్నడును మ్రింగరాదు. 2008లో అమెరికాలో ఇంటర్నెట్ ద్వారా అమ్మకమైన ఆయుర్వేద మందులను పరీక్షింపగా, సుమారు అయిదింట ఒకదానిలో సీసము, పాదరసము లేక ఆర్సెనిక్ కనబడినది. ఈ మాట వైద్యునిగా నాకు చేదైనను చెప్పక తప్పదు.

కళాయి వేయించునపుడు తగరములో సీసము కలుపకుండ చూడవలెను. చారు, పులుసు వంటి పుల్లని పదార్థములలోనికి సీసము త్వరగా దిగును. మట్టిని ఆపు క్యాండిల్ ఫిల్టరు కరిగిన లోహమును ఆపదు, ఆర్.ఓ. యంత్రము చాలవరకు ఆపును. నీటిని పరీక్షకు ఇచ్చునపుడు "లోహముల పరీక్ష కూడ చేయుడు" అని ప్రత్యేకముగా అడుగుడు. రాత్రియంతయు గొట్టములో నిలిచిన నీటిని ఉదయమున కొంతసేపు వదలి, మొక్కలకు పోసి, ఆ పిమ్మట వంటకు పట్టుకొనుడు.