సిగ్నల్ ఉన్నచోట ఎవరు కూర్చుంటున్నారు?

సాయంత్రం ఆరు దాటాక యానాం గోదావరి గట్టు మీద ఒకసారి నడిచి చూడండి. గాలి కోసం వచ్చినవారు, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కబుర్లాడేవారు, వారి మధ్యే ఫోన్లో తల దూర్చినవారు కనిపిస్తారు. 'ఫోన్లు వచ్చాక మనుషులు మాట్లాడుకోవడం మానేశారు' అని స్టాఫ్‌రూముల్లోనూ, తల్లిదండ్రుల సమావేశాల్లోనూ మేము తరచూ అంటుంటాం. అది ఎంతవరకు నిజం?

అమెరికాలో కీత్ హ్యాంప్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం ఈ మాటను లెక్కపెట్టి చూసింది. న్యూయార్క్, బోస్టన్, ఫిలడెల్ఫియా నగరాల్లోని నాలుగు బహిరంగ స్థలాల్లో 1980 ప్రాంతంలో తీసిన పాత ఫిల్ములు దొరికాయి. అవే చోట్ల 2008-10 మధ్య మళ్లీ చిత్రీకరించి, రెండింటినీ పోల్చారు. ఫోను వాడుతూ కనిపించినవారు అనుకున్నంతమంది లేరు. ఎక్కువగా కనిపించిన చోట కూడా పదిమందిలో ఒకరే. వారిలోనూ చాలామంది ఒంటరిగా ఉన్నవారే. బయట కనిపించే ఆడవారి వాటా మాత్రం పెరిగింది. ఆనాటికి స్మార్ట్‌ఫోన్లు ఇంతగా లేవు కాబట్టి ఆ ఫలితాన్ని నేటికి యథాతథంగా అన్వయించలేం. కానీ ఊహించే ముందు చూసి లెక్కపెట్టాలన్న పద్ధతి మనకు పనికొస్తుంది.

మన దగ్గరా బహిరంగ వైఫై కొత్తది కాదు. 2015లో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ పరిసరాల్లో వచ్చింది. 2016లో విజయవాడ, విశాఖపట్నం, కాచిగూడ రైల్వేస్టేషన్లలో ఉచిత వైఫై మొదలైంది. ఎర్నాకుళం స్టేషన్లో ఒక పోర్టరు మూటలు మోస్తూనే, ఆ వైఫైతో పాఠాలు వింటూ 2018లో కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాతపరీక్ష గట్టెక్కారు. యానానికి రైల్వేస్టేషన్ లేదు. అయితే 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి పథకం కింద టీకొట్టు, కిరాణాకొట్టు కూడా లైసెన్సు లేకుండానే వైఫై అందించవచ్చు.

ఇది మన బడులకు ఎందుకు ముఖ్యమంటే, 2020 లాక్‌డౌన్లో పాఠం ఫోన్లోకి వచ్చినప్పుడు తెలుగు మీడియం పిల్లల ఇళ్లలో మేము చూసింది ఒక్కటే: ఫోను ఒకటి, అది నాన్నతోపాటు పనికి వెళ్లిపోతుంది. హోంవర్కు ఉదయం వస్తే పిల్లవాడు చూసేది రాత్రి ఎనిమిదికి. సిగ్నల్ కోసం మగపిల్లలు గట్టుకో, కూడలికో పోయేవారు. చీకటి పడ్డాక ఆడపిల్లను ఎవరు పంపుతారు? సిగ్నల్ అందరికీ ఒకటే, దాని దగ్గరికి వెళ్లే దారి ఒకటి కాదు.

పైగా మన రాజధాని పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. అక్కడి భాష తమిళం. ఫోన్లో వచ్చే ప్రకటన ఇంగ్లీషులోనో, తమిళంలోనో ఉంటే, నెట్ ఉన్న తల్లికి కూడా అది అందనట్టే.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు ఒక చిన్న పని సూచిస్తున్నాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను వెంటబెట్టుకుని బస్టాండుకో, గట్టుకో వెళ్లండి. పదిహేను నిమిషాలు లెక్కపెట్టించండి: ఎంతమంది ఉన్నారు, ఎంతమంది ఫోన్లో ఉన్నారు, వారిలో ఒంటరివారెందరు, ఆడవారెందరు. పేర్లు వద్దు, ఫొటోలు వద్దు, గీతలు చాలు. మర్నాడు ఆ గీతలే శాతాల పాఠం, పట్టికల పాఠం, సాంఘిక శాస్త్ర పాఠం అవుతాయి. రెండోసారి చీకటి పడ్డాక ఉపాధ్యాయులే వెళ్లి లెక్కించండి. తేడా బోర్డు మీద రాయండి.

తల్లిదండ్రులకు మా విన్నపం వేరు. సాయంత్రం ఒక గంట బడి గదిలోనో, గ్రంథాలయంలోనో పెద్దల ఎదుట నెట్ అందేలా పాఠశాల కమిటీలో అడగండి. ఫోన్లో పంపే ప్రతి సూచన తెలుగులో నోటీసు బోర్డు మీద కూడా ఉండాలని పట్టుబట్టండి. ఆ లెక్కలో మన అమ్మాయి ఎక్కడా కనిపించకపోతే, తప్పు ఆమెది కాదు. ఆమె కూర్చోగల చోటు మనం ఇంకా చూపించలేదు.